వెనక నుంచి రాసే లెక్క: బెజవాడ, గుంటూరు కాలేజీల్లో విద్యార్థి పరిశోధన

కృష్ణ మీద వారధి దాటి గుంటూరు వైపు వెళ్తుంటే, ఆ రహదారికి అటూ ఇటూ పెద్ద చదువుల సంస్థలు వరసగా తగులుతాయి. వడ్డేశ్వరంలో కేఎల్, మంగళగిరిలో ఎయిమ్స్, రాజధాని ఊళ్లలో ఎస్‌ఆర్‌ఎం, విట్, నంబూరు దగ్గర 1976లో పుట్టిన ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం. గుంటూరు చేరాక అమరావతి రోడ్డులో లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం, తెనాలి రోడ్డులో వడ్లమూడి దగ్గర విజ్ఞాన్, ఊళ్లో 1946 నాటి వైద్య కళాశాల. ఎవరి ప్రాస్పెక్టస్ తిరగేసినా పరిశోధన అన్న మాట నాలుగు చోట్లయినా కనిపిస్తుంది. అయినా బెజవాడలోనో గుంటూరులోనో బీఎస్సీ రెండో ఏడాది చదివే అమ్మాయి "నాకు రీసెర్చ్ చేయాలని ఉంది, ఎవరిని అడగాలి సార్?" అంటే వచ్చే జవాబులు ఒకదానికొకటి పొంతన ఉండవు. ముందు పీజీ చెయ్యమ్మా అంటారొకరు. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇప్పిస్తాను, అదే రీసెర్చ్ అంటారు ఇంకొకరు. పేపర్ వేయించుకో, రెజ్యూమేలో బాగుంటుంది అని సీనియర్ సలహా.

వీళ్లెవరూ అబద్ధం చెప్పడం లేదు. నాలుగు వేర్వేరు పనులను మనం ఒకే పేరుతో పిలుస్తున్నాం, అక్కడ వచ్చింది చిక్కు. సిలబస్‌లో భాగంగా అందరూ చేయాల్సిన ప్రాజెక్టు ఒకటి. వేసవిలో రెండు నెలలు వేరే ల్యాబ్‌కు వెళ్లి చేసే ఫెలోషిప్ ఒకటి. సారు ప్రాజెక్టులో ఆయన సామగ్రితో, ఆయన ప్రశ్న మీద చేసే సాయం ఒకటి. ఏళ్ల తరబడి సాగే పీహెచ్‌డీ ఒకటి. వీటి గడువులు వేరు, డబ్బు వచ్చే దారులు వేరు, చివర్లో ఎవరికి ఏం దక్కుతుందన్నది మరీ వేరు. అన్నిటికీ కింద ఉండాల్సింది మాత్రం ఒక్కటే: నమ్మదగిన కొలత. డిగ్రీ స్థాయి విద్యార్థి సైన్స్‌కు నిజంగా ఇవ్వగలిగింది అదేనని నా అభిప్రాయం. మన చదువుల్లో బాగా దెబ్బతిన్నది కూడా అక్కడే.

రికార్డు నేర్పే పాఠం

సైన్స్ గ్రూపు చదివిన ప్రతివాళ్లకూ అబ్జర్వేషన్ పుస్తకం, రికార్డు పుస్తకం గుర్తుండే ఉంటాయి. అబ్జర్వేషన్‌లో ప్రయోగం రోజు రీడింగులు రాస్తాం. రికార్డులో వాటినే అందంగా, ఎడమ పేజీలో బొమ్మ గీసి, కుడి పేజీలో ఎయిమ్, అపరేటస్, ప్రొసీజర్ అని రాస్తాం. అందరికీ తెలిసి ఎవరూ పైకి అనని సంగతి ఒకటుంది. జవాబు ముందే తెలుసు కాబట్టి రీడింగులు దాన్నుంచి వెనక్కి పుట్టుకొస్తాయి. పక్క బ్యాచ్ వాళ్ల విలువలు తెచ్చుకుని చివరి అంకె మార్చితే సరిపోతుంది. బ్యూరెట్ రీడింగు మూడుసార్లూ ఒకేలా వచ్చినట్టు రాస్తేనే సంతకం పడుతుంది.

లఘులోలకం ప్రయోగాన్నే తీసుకోండి. మీటరు పొడవు దారం, కింద ఇత్తడి గోళం, 20 డోలనాలకు స్టాప్‌వాచ్. చివర్లో గురుత్వ త్వరణం సెకనుకు సెకనుకు 980 సెంటీమీటర్లని రాయాలి. కొందరు 980.6 అని మరింత ఖచ్చితంగా రాస్తారు. 980.665 అనేది అంతర్జాతీయంగా ఖాయం చేసుకున్న ప్రామాణిక విలువ, దాదాపు 45 డిగ్రీల అక్షాంశానికి సరిపోయేది. విజయవాడ ఉన్నది పదహారున్నర డిగ్రీల దగ్గర. భూమి తిరగడం వల్ల, మధ్యలో ఉబ్బెత్తుగా ఉండడం వల్ల ఇక్కడ ఆ విలువ తగ్గి సుమారు 978.4 అవుతుంది. అంటే మన ల్యాబుల్లో ఏటా వేల రికార్డుల్లో ఐరోపా అక్షాంశాల విలువ ముద్దుగా కూర్చుంటోంది.

మరి 978.4 మన ల్యాబులోనే తేల్చగలమా? ఇక్కడ ప్రయోగం రుచిగా మారుతుంది. మీటరు లోలకానికి ఒక డోలనం సుమారు 2.009 సెకన్లు. 20 డోలనాల మీద 980.6కూ 978.4కూ వచ్చే తేడా సెకనులో ఇరవయ్యో వంతు కన్నా తక్కువ. బొటనవేలితో వాచీ నొక్కడంలోనే అంతకు మించిన తప్పు జరుగుతుంది. అదే 200 డోలనాలు లెక్కపెడితే తేడా దాదాపు అర సెకను, అప్పుడు చేతికి చిక్కుతుంది. అలాగని పని అయిపోలేదు. దారం పొడవును రెండు మిల్లీమీటర్లు తప్పుగా కొలిస్తే చాలు, ఈ తేడా మొత్తం అందులో కొట్టుకుపోతుంది. గోళం మధ్య బిందువు ఎక్కడుందో వెర్నియర్‌తో వ్యాసం కొలిచి తేల్చుకోవాలి. లోలకాన్ని అయిదు డిగ్రీలు పక్కకు లాగి వదిలితే అదొక్కటే జవాబును దాదాపు ఒక యూనిట్ కిందికి లాగుతుంది, కాబట్టి ఇంకా తక్కువ కోణంలో వదలాలి. ఫ్యాన్ ఆపాలి. పైన దారాన్ని పట్టుకున్న బిరడా కదలకూడదు.

ఇదంతా చేసిన విద్యార్థి ఏ జర్నల్లోనూ అచ్చుకాదు. అయినా ఏ తప్పు ఎంత పెద్దదో, దేన్ని పట్టించుకోవాలో, దేన్ని వదిలేయవచ్చో ఆ పూటతో తెలిసిపోతుంది. పీహెచ్‌డీలో చేరాక మొదటి ఏడాదంతా తంటాలు పడి నేర్చుకునేది ఇదే. ఇంకో మాట కూడా చెప్పాలి: 978 వచ్చిందని నిజాయతీగా రాసిన పిల్లవాడి రికార్డు మీద ఎర్ర సున్నా చుట్టే చోట, తర్వాత ఎన్ని ఇన్నోవేషన్ సెల్స్ పెట్టినా ఆ పిల్లవాడు మళ్లీ నిజం రాయడు.

రంగు ఆలస్యంగా రావడం

కొలత ఒక విద్యార్థిని ఎక్కడిదాకా తీసుకెళ్తుందో చెప్పడానికి మనకు ఎల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేశారు. యాంటీబయాటిక్ పేరుతోనే మనం ఆయన్ని తలుచుకుంటాం. ఆయనకు పీహెచ్‌డీ వచ్చింది 1930లో. అంతకు అయిదేళ్ల ముందే, 1925లో, రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్పరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఫిస్క్‌తో కలిసి ప్రకటించారు. నమూనాలో మాలిబ్డేట్ కలిపి, ఒక క్షయకరణ పదార్థం చేరిస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్పరస్ అంత ఎక్కువ. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అన్న పేరు బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్ పుస్తకాల్లో ఇప్పటికీ ఉంది.

అసలు కథ ఆ తర్వాతది. అదే పద్ధతిని కండరాల నుంచి తీసిన ద్రవం మీద వాడితే నీలం రంగు వెంటనే రాలేదు, నెమ్మదిగా వచ్చింది. మన రికార్డు అలవాటున్నవాళ్లయితే రంగు పూర్తిగా వచ్చేదాకా ఆగి, చివరి విలువ ఒక్కటి రాసుకుని, ఇంటికి వెళ్లిపోయేవాళ్లు. వాళ్లిద్దరూ ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ఆమ్లంలో కొద్దికొద్దిగా విడిపోతూ ఫాస్పేట్‌ను వదులుతున్న పదార్థమేదో అందులో ఉందన్నమాట. అలా 1927లో బయటపడింది ఫాస్ఫోక్రియాటిన్, కండరం ఒక్కసారిగా పనిచేయాల్సి వచ్చినప్పుడు వాడుకునే శక్తి నిల్వ. దాదాపు అదే సమయంలో ఇంగ్లండ్‌లో ఎగిల్‌టన్ దంపతులు కూడా వేరే దారిలో దాని జాడ పట్టారు. ఒక విద్యార్థి చేతిలో ఉన్న పద్ధతి నమ్మదగినది కాబట్టే దానికి లొంగని రీడింగుకు విలువ వచ్చింది. పద్ధతి మీదే అనుమానం ఉంటే ఆ ఆలస్యాన్ని 'ఎక్స్‌పెరిమెంటల్ ఎర్రర్' అని ఒక్క మాటలో తోసేయవచ్చు.

సిలబస్‌లో ఉన్న తలుపు

ఇప్పుడు మన రాష్ట్రం సంగతి. 2020–21లో డిగ్రీలో చేరినవాళ్ల నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలల స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్, ఆపైన ఒక సెమిస్టర్ మొత్తం. కాగితం మీద చూస్తే ఇది గొప్ప అవకాశం. ఆచరణలో ఏమవుతుందో అందరికీ తెలుసు: లాగ్‌బుక్ ఒక్క రాత్రిలో నిండుతుంది, ఊరి సర్వే హాస్టల్ గదిలో పూర్తవుతుంది. ఇంజనీరింగ్‌లో ఇది ఇంకాస్త ముదిరి, టైటిల్, కోడ్, రిపోర్టు, పీపీటీ అన్నీ కలిపి మేజర్ ప్రాజెక్టును అమ్మే దుకాణాల దాకా వెళ్లింది.

తప్పంతా పిల్లల మీద వేయడం అన్యాయం. ఒక్కో లెక్చరర్ కింద పదుల కొద్దీ పిల్లల్ని పెట్టి, ప్రతి ఒక్కరికీ వేరే అంశం ఇమ్మంటే ఇంతకన్నా ఏమవుతుంది? నా దృష్టిలో చేయాల్సింది దీనికి తలకిందులు. ఒకే ప్రశ్న, వంద మంది, ఒకే పద్ధతి.

2024 సెప్టెంబర్ మొదట్లో బెజవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అప్పుడే ప్రకాశం బ్యారేజీ మీద వరద 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. నీళ్లు తీశాక ప్రతి ఇంటి గోడ మీదా మట్టి గీత మిగిలింది. ఆ గీత ఎత్తును టేపుతో కొలిచి, ఫోన్‌లో స్థానం నమోదు చేసి, ఒక ఫోటో తీస్తే ఒక్కో ఇంటికి పది నిమిషాల పని. డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థి నిక్షేపంగా చేయగలడు. వంద మంది తలా ముప్పై ఇళ్లు కొలిస్తే ఆ కాలనీల వరద పటం తయారవుతుంది. నీళ్లు ఏ వీధిలోంచి వచ్చాయో, ఎక్కడ నిలిచాయో చూపించే పటం ఇంజనీర్లకు కంప్యూటర్ నమూనాలను సరిచూసుకోవడానికి కావలసిందే. వరద తర్వాత ఇలా గుర్తులు కొలవడం ప్రపంచమంతటా జల శాస్త్రజ్ఞులు చేసే పని.

ఇందులోనూ మెలికలున్నాయి. గీత ఎత్తును ఇంటి నేల నుంచి కొలవాలా, రోడ్డు నుంచి కొలవాలా? కొన్ని ఇళ్లు మెరక మీద కట్టారు, కొన్నిచోట్ల రోడ్డే ఇంటికన్నా పైకి పెరిగింది. అందరూ ఒకే ఆధారం నుంచి కొలవకపోతే వంద మంది రాసినదాన్ని కలపడం కుదరదు. గోడ మీద రెండు గీతలుంటే ఏది తీసుకోవాలి? ముప్పై ఇళ్లలో మూడిళ్లను వేరే విద్యార్థి మళ్లీ కొలిస్తే ఎంత తేడా వస్తోంది? ఇవన్నీ తేల్చుకుని, మొదటివారం అందరూ ఒక వీధిని కలిసి కొలిచి, తర్వాత విడిపోవాలి. ఇంకో తొందర కూడా ఉంది. పండగకు సున్నం వేస్తే గీత పోతుంది.

నాలుగేళ్ల డిగ్రీలో ఇంకో తలుపు ఉంది. 2022 డిసెంబర్‌లో యూజీసీ ఇచ్చిన కరిక్యులం చట్రం ప్రకారం, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏడాదిలో 12 క్రెడిట్ల డిసర్టేషన్ చేసి 'ఆనర్స్ విత్ రీసెర్చ్' పట్టా తీసుకోవచ్చు. అక్కడ గైడుగా ఉండే అర్హత గల పర్మినెంట్ అధ్యాపకులు ఉండాలి. గెస్ట్ ఫ్యాకల్టీతో నడిచే డిపార్టుమెంట్లలో ఈ తలుపు కాగితం మీదే ఉంటుంది. చేరే ముందు కాలేజీలో అడగాల్సింది ల్యాబ్ ఎంత పెద్దదని కాదు, మీ సబ్జెక్టులో గైడ్‌షిప్ ఉన్న పర్మినెంట్ మేడం లేదా సారు ఎవరున్నారని.

యార్డులో నమూనా

ల్యాబ్ పని అంటే పరికరం దగ్గర జరిగేదే అనుకునేవాళ్లను గుంటూరు మిర్చి యార్డుకు తీసుకెళ్లాలి. ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం సమస్య ఉంది. కల్లంలో కాయ సరిగా ఎండకముందే వాన పడినా, మంచు పట్టినా, తేమతో టిక్కీ (మిర్చి బస్తా) కట్టినా ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పెరిగి విషం తయారుచేస్తుంది. ఐరోపా సమాఖ్య మిర్చిలో అఫ్లాటాక్సిన్ బీ1ను కిలోకు 5 మైక్రోగ్రాములకు, మొత్తం అఫ్లాటాక్సిన్లను 10 మైక్రోగ్రాములకు పరిమితం చేసింది. దాటితే సరుకు తిరుగుటపా.

ఒక ఎంఎస్సీ విద్యార్థి ప్రాజెక్టుకు ఇది చక్కటి అంశం, ఎంచుకునేవాళ్లూ ఉంటారు. మామూలుగా ఏం చేస్తారంటే, అయిదు దుకాణాల్లో పిడికెడు చొప్పున కొని, మెత్తగా పొడిచేసి, విషాన్ని విడదీసి కొలిచే పరికరం హెచ్‌పీఎల్‌సీ ఎక్కించి, అంకెలు నాలుగో దశాంశం దాకా వేస్తారు. పరికరం ఖచ్చితంగానే చెబుతుంది. పిడికిలిలోకి వచ్చిన కాయలు ఏవన్నదే ప్రశ్న. బూజు టిక్కీ అంతటా సమానంగా పట్టదు. వందల కాయలు శుభ్రంగా ఉండి, నాలుగైదు తాలు కాయల్లోనే విషమంతా ఉండవచ్చు. ఆ నాలుగూ పిడికిట్లోకి వస్తే సరుకు పనికిరాదని తేలుతుంది, రాకపోతే బంగారం. ధాన్యాల్లో, గింజల్లో, మసాలా దినుసుల్లో అఫ్లాటాక్సిన్ లెక్క తప్పడానికి మొదటి కారణం నమూనా తీయడమేనని ఆ రంగంలో అందరూ ఒప్పుకునే సంగతి.

కాబట్టి ఈ ప్రాజెక్టులో అసలు పరిశోధన పరికరానికి ముందే జరుగుతుంది. టిక్కీలో పైన, మధ్యలో, అడుగున ఎక్కడెక్కడ తీయాలి? ఎన్ని కిలోలు కలిపి పొడి చేయాలి? ఒకే లాట్‌లోంచి పది నమూనాలు విడివిడిగా తీస్తే వాటి మధ్య ఎంత తేడా ఉంటుంది? ఆ చివరి ప్రశ్న ఒక్కదానికి శ్రద్ధగా జవాబు చెప్పినా అది ఎగుమతిదారుకూ, రైతుకూ, తర్వాత వచ్చే స్కాలర్‌కూ పనికొస్తుంది. దానికి హమాలీలతో, కమీషన్ వ్యాపారితో, రైతుతో మాట్లాడగలగాలి. ఇక్కడ తెలుగు మీడియంలో చదివి, ఊళ్లో కల్లం చూసి పెరిగిన పిల్లలకు ఎవరికీ లేని పైచేయి ఉంది. ఇంగ్లీషు పేపర్లు చదవడం వాళ్లకు కష్టమే, కానీ అది నేర్చుకోగలిగిన విద్య. ఏ కాయ ఏ కల్లంలో ఎలా ఎండిందో కంటితో చెప్పగలగడం సెమిస్టర్‌లో వచ్చేది కాదు.

వ్యవసాయ విద్యార్థులకు చివరి ఏడాదిలో రావెప్ పేరుతో ఊళ్లో ఉండే ఏర్పాటుంది. 2021లో మిర్చి తోటలను తామర పురుగుల కొత్త జాతి చుట్టుముట్టి పూతను తినేసినప్పుడు, పువ్వుకు ఎన్ని పురుగులున్నాయో వారం వారం లెక్కపెట్టేవాళ్ల అవసరం ఎంతో అందరికీ తెలిసొచ్చింది. మధ్యలో ఒక వారం లెక్క తప్పితే ఆ వారాన్ని మళ్లీ ఎవరూ తేలేరు.

వేసవి ఫెలోషిప్పులు

వీటి గురించి చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు చెప్పరు. మూడు సైన్స్ అకాడమీలు కలిసి బెంగళూరు నుంచి నడిపే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఒకటి. దేశంలోని ఏదో ఒక పెద్ద ల్యాబ్‌లో రెండు నెలలు పనిచేయిస్తారు, స్టైపెండ్ ఇస్తారు. ఇంటర్ మార్కుల్లో పై ఒక శాతంలో ఉండి బేసిక్ సైన్సెస్ చదివేవాళ్లకు ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి రూ.80,000లో రూ.60,000 చేతికి, మిగతా రూ.20,000 వేసవి ప్రాజెక్టు నిమిత్తం. ఆ రెండో ముక్క ఒక ల్యాబ్‌కు దారి అని పట్టించుకునేవాళ్లు అరుదు.

ఎంబీబీఎస్, బీడీఎస్ పిల్లలకు ఐసీఎంఆర్ 1979 నుంచి నడిపిస్తున్న షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఉంది. తమ కాలేజీలోనే ఒక గైడు దగ్గర రెండు నెలలు చేసి రిపోర్టు పంపాలి. రిపోర్టు ఒప్పుకున్నాకే డబ్బూ సర్టిఫికెట్టూ. ఇందులో పిల్లలు ఎక్కువగా ఇరుక్కునేది ఎథిక్స్ కమిటీ దగ్గర. రోగుల నుంచి రక్తం తీసినా, ఊరికే ప్రశ్నలు అడిగినా కమిటీ అనుమతి ముందు రావాలి. అనుమతి తేదీకి ముందు పోగుచేసిన వివరాలు ఎంత మంచివైనా వాడుకోకూడదు. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో ముందే కనుక్కోనివాళ్ల రెండు నెలలూ సంతకం కోసం తిరగడంతో సరి.

డబ్బు, గైడు, పేపరు

పీహెచ్‌డీ స్కాలర్లను మనం ఇప్పటికీ విద్యార్థులంటాం, ముప్పై దాటినా. 2022 నవంబర్ యూజీసీ నిబంధనల ప్రకారం కోర్సుకు కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురికి మించి ఉండకూడదు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ కొట్టినవాళ్లకు 2023 నుంచి నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. కొట్టనివాళ్ల సంగతే కష్టం. నెట్ లేని స్కాలర్లకు యూజీసీ ఇచ్చే నెలకు రూ.8,000 కేంద్రీయ విశ్వవిద్యాలయాలకే. నాగార్జున వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరినవాళ్లకు అది వర్తించదు. గైడుకు ప్రాజెక్టు లేకపోతే కెమికల్స్ బిల్లు కూడా స్కాలర్ జేబులోంచే. ప్రైవేటు కాలేజీలో పాఠం చెప్పుకుంటూ ఆదివారాలు ల్యాబ్‌కు వచ్చేవాళ్లు ఇందుకే ఉంటారు. దేశం మొత్తం మీద పరిశోధనకు పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం దగ్గర ఆగిపోయిందంటే, ఆ అంకె కింది కొస మన ల్యాబులో ఖాళీ రీజెంట్ సీసాగా కనిపిస్తుంది.

డబ్బు ఇలా ఉంటే, లెక్క మాత్రం పేపర్ల మీద నడుస్తుంది. ఎన్‌ఐఆర్‌ఎఫ్ పేరుతో కేంద్రం ఇచ్చే ర్యాంకుల్లో విశ్వవిద్యాలయాలకూ, ఇంజనీరింగ్ సంస్థలకూ పరిశోధన విభాగానికి 30 శాతం భారం ఉంది. అందులో ప్రచురణల సంఖ్య పెద్దది. ర్యాంకు కోసం యాజమాన్యం అధ్యాపకులను, అధ్యాపకులు స్కాలర్లను, స్కాలర్లు బీటెక్ పిల్లలను తొందరపెడతారు. ఆ ఒత్తిడి కింద డబ్బు కట్టి వారంలో అచ్చువేయించుకునే జర్నళ్లు బతుకుతాయి. వాటిని ఏరేయడానికని పెట్టిన యూజీసీ–కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో యూజీసీయే ఎత్తేసి, మంచిచెడ్డలు చూసుకునే బాధ్యత సంస్థలకే వదిలింది. థీసిస్ ఇచ్చే ముందు పేపర్ అచ్చుకావాలన్న పాత షరతును 2022 నిబంధనల్లో తీసేశారు. అది మంచి పని. చాలా చోట్ల విశ్వవిద్యాలయాల సొంత నియమాలు, గైడ్ల సొంత పట్టుదలలు దాన్ని ఇంకా నడిపిస్తూనే ఉన్నాయి. 2025 ర్యాంకుల్లో, అచ్చయ్యాక తప్పు తేలి జర్నళ్లు వెనక్కి తీసుకున్న పేపర్లకు మార్కులు కోసే పద్ధతి కూడా వచ్చింది. వేసిన పేపర్‌కు ప్రోత్సాహం పంచుకున్నవాళ్లంతా, వెనక్కి తీసుకున్నప్పుడు ఆ పేరెవరిదని వెతుకుతారు. ఆ సమయానికి మొదటి పేరు ఏ పూర్వ విద్యార్థిదో అయి ఉంటుంది.

పేరు గురించి ఇంకొంచెం. వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ పెట్టిన నియమం సరళమే. పనిలోనో విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పాత్ర ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చేయి ఉండాలి, చివరి ప్రతిని ఒప్పుకోవాలి, తప్పు బయటపడితే జవాబు చెప్పడానికి సిద్ధపడాలి. నాలుగూ కావాలి. డిపార్టుమెంట్ హెడ్ అయినందుకు పేరు పెట్టకూడదు, రూములో కలిసి ఉన్నందుకు అసలే పెట్టకూడదు. నాలుగో షరతును విద్యార్థులు తేలిగ్గా తీసుకుంటారు. తాను చూడని డేటా ఉన్న పేపర్ మీద పేరు ఉచితంగా వస్తోందంటే, దాని బాకీ తర్వాత వస్తుంది.

అందుకే ల్యాబ్‌లో చేరే ముందు సారును జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గురించి కాక, పోయినేడు ఇక్కడ చేసిన సీనియర్ నోట్‌బుక్ ఎక్కడుందని అడగాలి, మర్యాదగానే. బీరువాలో ఉందని చూపిస్తే, అందులో కొట్టివేతలు, ఫెయిలైన రీడింగులు, తేదీలు ఉంటే, అది మంచి ల్యాబ్. నోట్‌బుక్కే లేకుండా థీసిస్ బైండింగ్ ఒక్కటే చూపిస్తే ఇంకో చోటు వెతుక్కోవడం మేలు. చెడ్డ రీడింగు వచ్చిన రోజు గైడు మొహం ఎలా ఉంటుందన్నది పాత స్కాలర్లను క్యాంటీన్‌లో అడిగితే చెబుతారు.

ఇక మెయిల్ రాయడం. 'రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ పాషనేట్' అని రెండు వందల మందికి ఒకే ఉత్తరం పంపితే ఎవరూ తెరవరు. ఒక్కరిని ఎంచుకుని, వాళ్ల పేపర్ ఒకటి కష్టపడి చదివి, అర్థం కాని ఒక చోటును రాసి అడగండి. అర్థం కాలేదని రాయడం చిన్నతనమేమీ కాదు. ఏ చోటు అర్థం కాలేదో చెప్పాలంటే మిగతాది చదివి ఉండాలని వాళ్లకు తెలుసు. మీ ఊళ్లోనే ఉన్న సంస్థ అయితే మెయిల్‌తో ఆగకుండా వెళ్లి, వాళ్ల డిపార్టుమెంట్‌లో శుక్రవారమో శనివారమో జరిగే సెమినార్‌లో వెనక కూర్చోనిస్తారా అని అడగవచ్చు. గుంటూరు నుంచి నాగార్జున విశ్వవిద్యాలయానికి బస్సు దూరమే.

అకాడమీల వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు గడువు సాధారణంగా నవంబర్ చివరికి అయిపోతుంది, అంటే వేసవికి ఆరు నెలల ముందే. పాఠం చెప్పిన అధ్యాపకుల సిఫార్సు ఒకటి కావాలి, ఏం చేయాలనుకుంటున్నారో మీ మాటల్లో కొద్దిగా రాయాలి. సిఫార్సు చేసేవాళ్లు కూడా ఆన్‌లైన్‌లోనే నింపాలి, వాళ్లకు సెమిస్టర్ పరీక్షల డ్యూటీలు పడేదీ అప్పుడే. దసరా సెలవులకు ఇంటికి వెళ్లే ముందే మేడంనో సారునో కలిసి చెప్పి ఉంచండి. సంక్రాంతికి అడిగితే వచ్చే ఏడాది చూద్దామంటారు.